రొయ్యల కూరా, రత్నం ఆంటీ కళ్లూ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగగానే, స్తంభం పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చునే ఒక ముసలామె ఎండాకాలం వస్తే చింతచిగురు అమ్ముతుంది. తడిగుడ్డ కప్పిన ఆ లేత ఆకుల కుప్ప మీదుగా గాలి వీచినప్పుడు పుల్లటి, పచ్చి, కాస్త మట్టి కలిసిన వాసనొకటి వస్తుంది. ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని నేను అక్కడే ఆగిపోతాను, వెనక వచ్చేవాళ్లు విసుక్కుంటూ నన్ను తప్పుకుని పోతారు. కొనను. మా నాయనమ్మ వండినట్టు దాన్ని వండడం నాకు రాదు, వచ్చినా తినే యోగం నాకు లేదు. ఆ వాసన మాత్రం కాసేపు పీలుస్తాను, అంతలోనే నాకు ఎనిమిదేళ్లు వచ్చేస్తాయి.

ఎనిమిదేళ్లప్పుడు మేము సరూర్‌నగర్ చెరువుకు ఈవలి గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. నల్గొండ పల్లెలో సేద్యం గిట్టక పట్నం వచ్చిన మా నాన్న ఆటో నడిపేవాడు, అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది, నాయనమ్మ ఇంటినీ గల్లీనీ కలిపి ఏలేది. ఎండాకాలం సెలవుల్లో కొత్తపేట పండ్ల మార్కెట్టు నుంచి మామిడిపండ్ల వాసన, లారీల్లోంచి రాలిన వరిగడ్డి వాసన మా గల్లీ దాకా కొట్టుకొచ్చేవి. సాయంత్రం నాయనమ్మ వాకిట్లో నీళ్లు చల్లితే బండలు బుస్సుమని ఆవిరి వదిలేవి, ఆ తడి ఆరకముందే మేం సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసేవాళ్లం, గీతలు అలికిపోయి ఎవరు ఓడారో ఎవరు గెలిచారో తేలక చీకటిపడే దాకా పోట్లాడుకునేవాళ్లం. ఆ రోజులు తలచుకుంటే నాకు అన్నీ కొంచెం తడితడిగానే కనిపిస్తాయి.

మా ఇంటి పై పోర్షన్‌లో రత్నం ఆంటీ ఉండేది. వాళ్లది భీమవరం వైపు. అంకుల్ కుట్టుమిషన్లు రిపేరు చేసేవాడు, అమ్మ మిషను మొరాయిస్తే పైసా తీసుకోకుండా బాగుచేసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. అందుకో, మరెందుకో, నేను మెట్లెక్కిన చప్పుడు వినగానే ఆంటీ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. ఆమె గది నిండా మల్లెపూలూ, మిషను నూనే, నిమ్మకాయ ఊరగాయా కలిసిన ఒక వాసన ఉండేది. నా జుట్టు విప్పి, చిక్కు తీసి, మా అమ్మకు ఎన్నడూ చేతకానంత నున్నగా రెండు జడలు వేసి, నా గడ్డం పట్టుకుని "ఎంత ముద్దొస్తున్నావే అమ్మాయ్! నా దిష్టే తగిలేట్టుంది" అని నవ్వేది. పాపం, ఆ మాటే ఆమె కొంప ముంచింది.

ఒక ఆదివారం ఆమె రొయ్యలు వేయించింది. ఉల్లిపాయ ఎర్రబడే వాసన, అల్లం వాసన మెట్లు దిగి వచ్చి నన్ను చెవి పట్టుకుని పైకి తీసుకుపోయాయి. ఆంటీ ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి తినిపించింది. అరగంట తిరగలేదు, నా పెదవులు ఉబ్బి, కళ్లు పూడుకుపోయి, ఒంటి నిండా ఎర్రటి దద్దుర్లు లేచాయి. నాయనమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుని, దోసిట్లోకి రాళ్లుప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు కాలితే ఇల్లంతా దగ్గాలి కదా. ఎవరూ దగ్గలేదు.

"చూసినవా, జర్రంతన్న ఘాటు రాలే. దిష్టి గట్టిగ తాకింది," అంది నాయనమ్మ అమ్మతో. "పిల్లలు లేనామె, గట్ల నోరార అననే అనె. గామె కండ్లు మంచియి గావు."

సాయంత్రానికి వాపు దానంతటదే తగ్గింది. దాంతో దిష్టి తీయడం ఫలించిందని నాయనమ్మకు రూఢి అయిపోయింది. నెల తిరక్కుండా ఆంటీ రొయ్యల పులావు పెట్టింది, ఈసారి వాంతులు కూడా అయ్యాయి, మళ్లీ ఉప్పూ మిరపకాయలూ, మళ్లీ ఘాటు రాలేదు. నన్ను పైకి వెళ్లొద్దన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. నల్లా దగ్గర బిందెలు నిండేలోపు నాయనమ్మ నోటి మాట గల్లీ అంతా పాకింది. ఆంటీ కూరగాయల సంచీతో వస్తుంటే ఆడవాళ్లు తమ పిల్లల ముఖాలకు కొంగు అడ్డం పెట్టేవాళ్లు. ఆమె అది చూసి, తల దించుకుని గబగబా మెట్లెక్కేసేది. నేను కూడా ఒకసారి ఆమెను చూసి తలుపు వెనక నక్కాను, ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది. దసరా ముందర వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. సామాను ఆటోట్రాలీలో ఎక్కించాక ఆంటీ మా తలుపు వైపు తిరగకుండానే గల్లీ దాటింది.

మరుసటి ఎండాకాలం ఊరి నుంచి మా మేనత్త ఒక గుడ్డసంచీ నిండా ఎండురొయ్యలు పంపింది. చింతచిగురులో ఎండురొయ్యలు వేసి వండడం నాయనమ్మకు పేరు తెచ్చిన వంట. ఆకును అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరి, రొయ్యలను పెనం మీద దోరగా వేయించి తలలు గిల్లి, మట్టిచట్టిలో మెల్లగా ఉడికించేది. అంతకుముందు కూడా ఆ కూర తింటే నా నాలుక దురదపెట్టేది, చిగురు పులుపుకేలే అనుకునేవాళ్లం. ఆ రోజు మూడు ముద్దలు తిన్నానో లేదో, గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. ఊపిరి లోపలికి పోతూ ఈల వేసింది. నాయనమ్మ పరుగున ఉప్పూ మిరపకాయలూ తెచ్చి తిప్పి పొయ్యిలో వేసింది. ఈసారి ఘాటు ఇల్లంతా కమ్మేసింది. అమ్మ దగ్గింది, నాయనమ్మ దగ్గింది, నాకు ఆ దగ్గు కూడా రాలేదు. నా పెదవులు నీలంగా మారాయట. నాన్న నన్ను ఆటోలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు ఎట్లా తోలాడో నాకు తెలియదు, కన్ను తెరిచేసరికి తొడ మీద సూది నొప్పి, పక్కన నాయనమ్మ చెంగు.

డాక్టరు పెద్దాయన. ఏం తిన్నదని అడిగాడు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా అయిందా అంటే, రెండుసార్లు అయిందని అమ్మ చెప్పింది. అప్పుడేం తిన్నదని అడిగాడు. అమ్మ నాయనమ్మ వైపు చూసి, నెమ్మదిగా, "రొయ్యలే సారూ," అంది.

"ఈ పాప ఒంటికి రొయ్యలు పడవమ్మా. పచ్చివైనా, ఎండువైనా, పొడైనా. అదే నూనెలో వేయించిన ఇంకోటైనా సరే. పీతలు కూడా వద్దు. ఇంకోసారి ఇంత ఆలస్యమైతే దక్కదు."

నాయనమ్మ గోడకు ఆనుకుంది. మనుమరాలి ప్రాణం పోబోయింది తన చేతి కూరతోనే అని ఆమెకు తెలిసిపోయింది. డాక్టరును ఒక్కటే అడిగింది.

"అయితే గామె కండ్లు గాదా సారూ?"

ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎండురొయ్యల సంచీ కనిపించలేదు. మట్టిచట్టిని నాయనమ్మ తన చేత్తోనే పగలగొట్టింది. చంపాపేట్ ఫంక్షన్ హాళ్లలో పెళ్లికి పోతే, కొత్తచీర కట్టుకునే వెనక పొయ్యిల దగ్గరికి వెళ్లి "గీ నూనెల రొయ్యలు ఏంచిన్రా?" అని వంటమాస్టర్లను నిలదీసేది, వాళ్లు లేదన్నా గరిటె వాసన చూసి గానీ నన్ను పంక్తిలో కూర్చోనిచ్చేది కాదు. పెళ్లివాళ్ల ముందు నాకు తల కొట్టేసినట్టుండేది. నల్లా దగ్గర కూడా ఆమే చెప్పింది, తప్పు తనదని, ఆంధ్రామెది కాదని. విన్నవాళ్లు విన్నారు, కొందరు నవ్వారు.

కానీ ఆమెకు అది చాలలేదు. రత్నం ఆంటీ వాళ్లు ఎల్బీనగర్ చౌరస్తా దాటి ఎక్కడో ఉన్నారన్నది తప్ప ఇంకేం తెలియదు. ఆదివారం ఆదివారం నన్ను వెంటేసుకుని సిటీబస్సెక్కి, కనిపించిన ప్రతి టైలర్ కొట్లోనూ "కుట్టుమిషన్లు బాగుచేసేటాయన ఇల్లెక్కడ?" అని అడుగుతూ తిరిగింది. మూడో ఆదివారం దొరికింది. సందు చివర చిన్న ఇల్లు, గుమ్మం పక్కన డబ్బాలో మల్లెతీగ.

తలుపు తీసిన ఆంటీ మమ్మల్ని చూసి గిరుక్కున ముఖం తిప్పేసుకుంది. కోపం అనుకున్నాను. కాదు. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి, "మామ్మగారూ, పిల్లనెందుకు తెచ్చారు? నా కంట పడనివ్వకండి," అంది.

గల్లీ మొత్తం చెప్పగా చెప్పగా ఆమె కూడా నమ్మేసిందన్న మాట. నాయనమ్మ ఆ కొంగును లాగేసి, ఆమె ముఖాన్ని రెండు చేతులతో నా వైపు తిప్పింది.

"జూడు బిడ్డా. నిండుగ జూడు. నీ కండ్లు గాదు, రొయ్యలు. నా చేతి కూర తింటే గూడ గట్లనే అయింది, సచ్చి బతికింది. తప్పు నాది, నా నోటిది."

ఆంటీ నన్ను చూసింది. చూస్తూ చూస్తూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకో అప్పుడు తెలియకుండానే. కాసేపటికి ముక్కు తుడుచుకుని ఆమె అడిగింది ఒక్కటే, "దానికి ఇంకా ఏమేం పడవో చెప్పండి మామ్మగారూ."

సరూర్‌నగర్‌లో ఆ ఇంటి చోట ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. పండ్ల మార్కెట్టు ఊరి బయటికి వెళ్లిపోయింది, మామిడిపండ్ల వాసన లేని ఎండాకాలం అక్కడి పిల్లలకు మామూలైపోయింది. నల్లా దగ్గర ముచ్చట్లు లేవు, నాయనమ్మా లేదు. నేను బ్యాగులో సూదిమందు పెట్టుకుని తిరుగుతాను, హోటళ్లలో ఆమె అడిగిన ప్రశ్నే ఆమె కంటే మర్యాదగా అడుగుతాను.

ఆంటీ అంకుల్ ఇప్పటికీ ఎల్బీనగర్ అవతలే ఉంటారు. పోయిన నెల వెళ్లినప్పుడు అంకుల్ నవ్వుతూ ఫిర్యాదు చేశాడు. "భీమవరం మనిషినమ్మా నేను, ఈ ఇంట్లో రొయ్య ఉడికి పాతికేళ్లు దాటింది. బయటెక్కడో తినొస్తే, చేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకుంటే గానీ లోపలికి రానివ్వదు మీ ఆంటీ."

నేను నమ్మలేక ఆమె వైపు తిరిగాను. "నేను లేనప్పుడు వండుకోవచ్చు కదా ఆంటీ?"

"నువ్వెప్పుడొస్తావో నాకేం తెలుసే అమ్మాయ్," అంది ఆమె, నా పళ్లెంలో ఇంకొంచెం పప్పు వేస్తూ.

నేను వెళ్లేది ఏడాదికి రెండుసార్లు.