నేను సంతకం పెట్టని ఫారం

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను తల్లాడ నుంచి పినపాక వైపు సెక్టారుకు బదిలీ చేశారు. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా అప్పటికే పదిహేనేళ్లకు పైగా సర్వీసు ఉంది. టీచర్లకు పైన, ప్రాజెక్టు అధికారి అయిన సీడీపీఓకు కింద ఉండే ఉద్యోగం అది. సెక్టారులోని కేంద్రాలన్నీ తిరగాలి, రిజిస్టర్లు చూడాలి, పిల్లల బరువు, ఎత్తు సరిగ్గా తీస్తున్నారో లేదో తేల్చాలి. టీచరు రాసిన కాగితం పైకి వెళ్లాలంటే దాని మీద నా సంతకం ఉండాలి. తల్లాడ మెట్ట పొలాల మధ్య తిరిగిన నాకు అడవి సెక్టారు కొత్త. కోయ భాష ఒక్క ముక్క రాదు.

రోడ్డు మీది ఊరి నుంచి మూడు కిలోమీటర్లు లోపల, ఏటి గట్టున ఒక గూడెం. ముప్పై గడపలుంటాయి, అందరూ కోయవారే. అక్కడి కేంద్రం టీచరు స్వరూప. జూలూరుపాడులో పుట్టి, రోడ్డు మీది ఊరికి కోడలుగా వచ్చింది. గూడెంలో పదో తరగతి పాసైన ఆడమనిషి దొరకక పక్క ఊరి ఆమెను తీసుకున్నారు. ఆయా పోస్టు ఏడాదిగా ఖాళీ. వంటా, పిల్లలూ, రిజిస్టర్లూ అన్నీ స్వరూపే చూసుకునేది. ఇంటి దగ్గర చూసేవారు లేక మూడున్నరేళ్ల కూతురు హారికను కూడా వెంట తెచ్చుకునేది.

నేను మొదటిసారి వెళ్లిన రోజు రిజిస్టరులో పదహారు పేర్లు, గదిలో తొమ్మిది మంది పిల్లలు. తొమ్మిది మందీ గోడకు ఆనుకుని, చెప్పినట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు. స్వరూప పాట పాడితే ఆమె ఒక్కదాని గొంతే వినిపించింది.

“ఏం జెయ్యమంటరు మేడం, నోరే తెరుస్తలేరు. ఈ దేవి అయితే మరీ. ఏడాదాయె, ఒక్క మాట లేదు,” అని ఒక ఫారం నా ముందు పెట్టింది.

అది రిఫరల్ ఫారం. పిల్లల ఎదుగుదలలో లోపం కనిపిస్తే టీచరు నింపి సూపర్‌వైజర్‌కు ఇస్తుంది. సూపర్‌వైజర్ సంతకం చేస్తే ఆ పిల్లను జిల్లా కేంద్రంలో పరీక్షలకు పంపుతారు. నాలుగేళ్ల దేవి పేరు పక్కన “మాట రాలేదు, బుద్ధి మందం అనుమానం” అని రాసి ఉంది. ఆ మాట ఫైలులో చేరితే పిల్లతో పాటు బడికీ వెళ్తుంది. మొదటి తరగతి సారు దాన్ని చదివాకే పిల్ల ముఖం చూస్తాడు. నేను పెన్ను తీయలేదు. భోజనాలయ్యే దాకా ఉంటానని ఒక మూల కూర్చున్నాను.

స్వరూప వంటలో పడగానే గది మారిపోయింది. దేవి గోడ వదిలి హారిక దగ్గరికి వచ్చి చేతులు తిప్పుతూ ఏదో గడగడా చెప్పింది. హారిక అంతే వేగంగా బదులిచ్చింది. ఇద్దరూ కోయలోనే మాట్లాడుకుంటున్నారు. దేవి మాటల్లో “ఏరు” అని నాకు వినబడింది. హారిక లేచి వసారాలోని కుండలోంచి గ్లాసెడు నీళ్లు ముంచి ఆమెకిచ్చింది.

“ఏమన్నదమ్మా?” అని అడిగాను.

“నీళ్లు గావాలన్నది,” అంది హారిక, ఇది కూడా తెలియదా అన్నట్టు చూసి.

స్వరూపను పిలిచి, దేవి ఎప్పుడైనా ‘ఏరు’ అన్నదా అని అడిగాను. గరిటె పట్టుకునే వచ్చింది. “మొదట్ల రోజూ ‘ఏరు, ఏరు’ అని బయటికి చూపెట్టేది మేడం. ఏటికి పోతానంటుందనుకున్న. పడి సస్తదేమోనని తలుపు గొళ్లెం పెట్టి కూసోబెట్టిన. ఓ నెల అడిగింది. తర్వాత అడుగుడే మానేసింది.”

కోయలో ఏరు అంటే నీళ్లు. కుండ వసారాలో ఉండేది. పిల్ల నెల రోజులు నీళ్లడిగితే మేము గొళ్లెం పెట్టాం. దాంతో ఆమె ఈ గదిలో మాట పనికిరాదని తేల్చుకుంది. అందులో బుద్ధి మాంద్యం నాకు కనిపించలేదు.

“మరి హారికకు కోయ ఎవరు నేర్పారు?”

“ఎవ్వరు నేర్పలే. ఆడుకుంట ఆడుకుంట అదే పట్టుకుంది. ఇంట్ల బొమ్మలతోని గూడ గదే మాట. తెలుగు పాడైతదని వాళ్ల నాయన నా మీద కోపం జేస్తుండు.”

హారిక తెలుగేమీ పాడవలేదు. నాతో చక్కగా తెలుగులో మాట్లాడి, దేవి వైపు తిరగగానే కోయలోకి వెళ్లింది. హారికకు ఆటలో కోయ వచ్చినప్పుడు దేవికి ఆటలో తెలుగు రాకపోవడానికి కారణం ఒక్కటే: హారికతో కోయలో ఆడేవారున్నారు, దేవితో తెలుగులో ఆడినవారు లేరు. తెలుగులో ఆమెకు అందినవన్నీ ఆజ్ఞలే.

ఫారం సంతకం లేకుండా నా సంచిలో పెట్టుకున్నాను. ముందు పీహెచ్‌సీకి తీసుకెళ్లి దేవి చెవులు పరీక్ష చేయించాను. బాగానే ఉన్నాయి. ప్రాజెక్టు మీటింగులో సీడీపీఓ మేడం ఆ ఫారం ఏమైందని అడిగారు. సంగతి చెప్పి, వేసవి సెలవుల దాకా గడువు అడిగాను. “పిల్లకు నిజంగా లోపం ఉంటే ఒక ఏడాది వృథా అయినట్టే. దానికి బాధ్యత మీదే, రాసివ్వండి,” అన్నారు. రాసిచ్చాను. ఆమె అన్నది న్యాయమే. అయినా నా మాట మీద నాకు అనుమానం లేదు.

ఆయా పోస్టు ఫైలు కదిలి, దేవి తల్లి సారక్క ఆ ఉద్యోగంలో చేరేసరికి దసరా దాటింది. అప్పటినుంచి రోజును రెండుగా విడదీశాం. భోజనం దాకా సారక్క చేతిలో, అంతా కోయలో: కథలు, పాటలు, లెక్కపెట్టడం. భోజనం నుంచి ఇల్లు చేరేదాకా స్వరూప చేతిలో, అంతా తెలుగులో. స్వరూపకు రెండే షరతులు పెట్టాను. దేన్నీ కోయలోకి మార్చి చెప్పించకూడదు. ఏ పిల్లనూ “చెప్పు, చెప్పు” అని నిలదీయకూడదు. చేతులు కడిగేటప్పుడు, గుడ్డు ఒలిచేటప్పుడు, చింతగింజలు ఏరేటప్పుడు చేసే పని గురించే మాట్లాడుతూ ఉండాలి.

దేవి తండ్రికి ఇది నచ్చలేదు. గూడెంలో మీటింగు పెడితే లేచి నిలబడ్డాడు. “మా మాట మాకు ఇంట్లనే ఉన్నది గద మేడం. ఈడ తెలుగే చెప్పుండ్రి. సిన్నప్పుడు దవాఖానాకు పోతే ఏం నొప్పో తెలుగుల చెప్పరాక నేను దినమంత కూసున్న. నా బిడ్డ గట్ల కావద్దు.”

ఆయన భయం ఆయన అనుభవంలోంచి వచ్చింది. “మీకంటే జల్దీ నేర్చుకుంటది, తెలుగు మానిపిస్తలేం. నోరు తెరిస్తేనే గద ఏ మాటైనా వచ్చేది,” అన్నాను. హారికను పిలిచి కోయలో ఆయన్ను పలకరించమన్నాను. ఆ పిల్ల ఏమడిగిందో గాని గూడెం అంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. “సరే, సూద్దాం,” అని కూర్చున్నాడు.

నవంబరు పోయింది, డిసెంబరు పోయింది. దేవి పొద్దున సారక్క దగ్గర గలగలా మాట్లాడేది, మధ్యాహ్నం మౌనంగా ఉండేది. అయితే స్వరూప “పీట తే” అంటే తెచ్చేది. అర్థం కావడం ముందు, పలకడం తర్వాత అని స్వరూపకు ఫోనులో ఎన్నిసార్లు చెప్పానో.

జనవరిలో ఒక మధ్యాహ్నం స్వరూపే ఫోను చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. “మేడం, దేవి మాట్లాడింది! ‘టీచరమ్మా, హారికకు పెద్ద గుడ్డు పెట్టినవ్, నాకు సిన్నది పెట్టినవ్’ అని కొట్లాటకు వచ్చింది!”

ఎవరూ నేర్పని వాక్యం అది. అందులో మాట ఉంది, పోలిక ఉంది, న్యాయం కూడా ఉంది. మార్చిలో సీడీపీఓ మేడం వచ్చినప్పుడు దేవి ఆమెకు తెలుగులో చెబుతూ కుండ చూపించి నీళ్లిచ్చింది, వెంటనే తిరిగి తల్లికి కోయలో ఏదో పురమాయించింది. మేడం ఫారం అడిగి తీసుకుని, దాని మీద అడ్డంగా గీత కొట్టారు. ఆ నాటికి హాజరు పదహారులో పద్నాలుగుకు వచ్చింది. వచ్చేవారిలో ఇద్దరు మాత్రం తెలుగులో ఇంకా పలకలేదు. వారిలో ఒకడు కోయలోనూ పలకడం లేదని సారక్క చెప్పింది. వాడికి వినికిడి లోపం ఉందని పరీక్షలో తేలింది. ఆ రిఫరల్ మీద నేను ఆలస్యం చేయకుండా సంతకం పెట్టాను.

రిటైరయ్యాక ఈ మధ్య మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి ఫోను చేసింది. వాళ్ల పేటలో ఒక ప్లేస్కూల్లో పిల్లలతో రోజంతా స్పానిష్‌లోనే మాట్లాడతారట. మూడేళ్ల పాపను చేర్చితే తెలుగు పోతుందేమోనని దాని బెంగ. పోదని చెప్పాను. ఇంట్లో తెలుగు నిండుగా మాట్లాడండి, బడిలో ఆ భాషలోనే అన్నం తినిపించి, ఆడించి, అలక తీర్చే మనిషి ఉందో లేదో చూసుకోండి అన్నాను. ఆ వయసులో చెవి ప్రతి ధ్వనినీ పట్టుకుంటుంది, తప్పు పలుకుతానన్న సిగ్గు ఉండదు. వారానికో గంట పాఠమైతే మాత్రం ఆ డబ్బు దండగ.

ఐదారేళ్ల లోపు పిల్లలు ఏ భాషనైనా అందులో బతికి నేర్చుకుంటారు, ఒక భాష రెండోదాన్ని తోసెయ్యదు. ఆ గూడెం నాకు నేర్పింది ఇదే. ఇంకొకటి నా వృత్తికి సంబంధించింది. ఆ తర్వాత ఏ పిల్లకైనా మాట రాలేదని కాగితం వస్తే, ఇంటి భాష తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పిల్ల మాట విన్నాకే సంతకం గురించి ఆలోచించాను. ఆ ఫారంలో “ఇంట్లో మాట్లాడే భాష” అన్న గడి లేదు. రిటైరయ్యే దాకా దాన్ని నేనే పెన్నుతో గీసి నింపాను.