నాయనమ్మ తలకెత్తుకున్న నింద

నా చిన్నప్పుడు మా ఇంట్లో మగవాళ్లు ముట్టకూడని వస్తువు ఒకటుండేది. అది మా నాయనమ్మ విత్తనాల గంప. డబ్బు పెట్టె తాళం కూడా నాయన మొలకే ఉండేది గానీ, ఆ గంప జోలికి మాత్రం ఆయన పోయేవాడు కాదు. కోతలకు ముందే నాయనమ్మ మా మెట్ట చెల్కంతా తిరిగి బలమైన కంకులు, కాయలు ఏరి పెట్టుకునేది. పచ్చజొన్న, కంది, పెసర, బొబ్బర్లు, అనుములు, వేటి మూట వాటికి కట్టి, నడుమ బూడిద, ఎండు వేపాకు వేసి, గంప మూతిని పేడమట్టితో మెత్తేసేది. మళ్లీ విప్పడం ఎండాకాలం పోయి మిరుగం కార్తె మొదటి వాన పడ్డాకే.

మాది జహీరాబాద్‌కు దగ్గర్లో, ఝరాసంగం తోవలో చిన్న ఊరు. వాన పడిన మర్నాడు ఊళ్లో ఆడవాళ్లు కొంగులు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవారు. విత్తనం అమ్మకూడదు, అడిగినవాళ్లకు లేదనకూడదు, పంట వచ్చాక తీసుకున్నవాళ్లు రెట్టింపు తెచ్చి పోయాలి. అదీ మా దగ్గరి కట్టుబాటు. నాయనమ్మ చేతి విత్తనం ఒక్క గింజ కూడా తాలు పోదని చుట్టుపక్కల పేరు. ఆమెకు చదువు లేదు, తన పేరున గుంటెడు భూమి లేదు. ఆమెకున్న ఆస్తల్లా ఆ పేరొక్కటే.

నేను జహీరాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉండి హైస్కూల్ చదివేవాణ్ణి. ఆఖరి తరగతికి వచ్చేసరికి, మా ఊళ్లో నా అంత తెలిసినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. మాకు పౌరశాస్త్రం చెప్పిన సారే బడి వెనక మా చేత తోట వేయించారు, పోస్టాఫీసులో పొదుపు ఖాతాలు తెరిపించారు. చాలా మంచి మనిషి. ఊరికే పడివున్న సొమ్ము ఎవరికీ పనికిరాదనేవారు. రైతులకు మంచి విత్తనాలు అందించడం ప్రభుత్వ బాధ్యత అనీ చెప్పారు. ఈ రెండు మాటలనూ కలిపి నేను నా సొంత పాఠం ఒకటి తయారుచేసుకున్నాను. మా అటక మీది గంప ఊరికే పడివున్న సొమ్ము, విత్తనాలు ఎలాగూ బ్లాకు ఆఫీసువాళ్లు ఇస్తారు అని. ఎవరి పాసుబుక్కులో జమ ఎక్కువుంటే వాళ్లను సారు లేపి నిలబెట్టి మెచ్చుకునేవారు. నా దాంట్లో రెండే రూపాయలుండేవి.

శివరాత్రి సెలవుకు మామ సైకిల్ మీద ఊరికి వచ్చాను. ఇంటిల్లిపాదీ జాతరకు పోయారు. నేను పరీక్షల వంక పెట్టి ఉండిపోయాను. గంప దించి, మూతి పగలగొట్టి, మూటలన్నీ సైకిల్ మీద వేసుకుని జహీరాబాద్ ధాన్యం గంజ్‌లో ఒక సేటుకు అమ్మేశాను. వానలు లేని యేడు కావడంతో గింజలకు మంచి ధర పలికింది. తిరిగి వచ్చి ఖాళీ గంపకు పేడమట్టి మెత్తి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. మిరుగం నాటికి పాసుబుక్కు చూపించి నాయనమ్మను ఆశ్చర్యపరుద్దామని నా ఊహ. డబ్బు వేసింది మాత్రం నా పేరు మీదే. ఆ తర్వాత కొద్ది రోజులకే పరీక్షలో పౌరుని బాధ్యతల మీద నాలుగు పేజీలు రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఆ యేడు మిరుగం ముందే కురిసింది. తెల్లవారేసరికి వాకిట్లో పదిమంది ఆడవాళ్లు. నాయనమ్మ లోపలి గదిలో అటక మీంచి గంప దించుకుంది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. చేతికి తేలిగ్గా తగలగానే ఆమె ముఖం మారిపోయింది. మూతి మీది మట్టిని వేళ్లతో తడిమి చూసింది. అది ఆడవాళ్లు మెత్తిన తీరు కాదని ఆమెకు తెలిసిపోయింది. మూత తీసి లోపల చెయ్యి పెడితే బూడిద తప్ప ఏమీ తగల్లేదు. అప్పుడు తలెత్తి నావైపు చూసింది. నా చెయ్యి జేబులోని పాసుబుక్కు మీదికి పోయింది, పైకి మాత్రం తీయలేదు. ఆమె మూత పెట్టేసి, కొంగు సర్దుకుని వాకిట్లోకి వెళ్లింది.

"ఈయేడు నా తాన లెవ్వు బిడ్డా. గంపకు పురుగు వట్టింది" అంది.

"నీ గంపకు పురుగా, అవ్వా?" అని పక్కింటి అక్క నమ్మలేనట్టు అడిగింది.

"వట్టింది. ముసలిదాన్నైన గద. యాపాకు ఎయ్య మర్సిన."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఖాళీ కొంగులతో వెనక్కి మళ్లారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాయన కూడా నమ్మేశాడు, ముసలితనం అంతే అన్నాడు. నేను మధ్యాహ్నమే సైకిలెక్కి గంజ్‌కు పరుగెత్తాను. ఆ గింజలు ఏనాడో పిండైపోయాయని సేటు నవ్వాడు.

మర్నాడు నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని న్యాల్‌కల్ దిక్కున ఉన్న తన పుట్టిన ఊరికి నడిచింది. ఎన్నడూ ఒకరిని చెయ్యి చాచి అడగని మనిషి, ఆ రోజు ఇల్లిల్లూ తిరిగి కొంగు పట్టింది. ప్రతి గడప దగ్గరా అదే మాట, పురుగు పట్టింది, యాపాకు ఎయ్య మర్సిన అని. నాకు ఒక్కో ఇంటి ముందు నేలలోకి కూరుకుపోవాలనిపించింది. అందరూ గుప్పెడడిగితే దోసెడు పోశారు. ఎర్ర అనుములు మాత్రం దొరకలేదు. పెళ్లయినప్పుడు ఆమె ఆ ఊరి నుంచే తెచ్చుకున్న విత్తనమది. "మా కాడ పోయి శానేండ్లాయె, నీ తాన ఉన్నయని ఫికర్ చెయ్యలే" అంది ఆమె వదిన. నాయనమ్మ కొంగు మూట కట్టుకుని లేచింది.

తిరుగు దారిలో నేను ఏడుస్తూ పాసుబుక్కు ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేసింది. "జేబుల వెట్టుకో రా. మొగులైంది, కాయిదం తడుస్తది" అంది. ఎందుకలా చెప్పావని అడిగాను.

"సొంతింట్ల దోసుకున్నోడని ఒక్కపారి పేరొస్తే, నువ్వెంత సదివినా గదే పేరుతోని పిలుస్తరు. నాదేంది రా, ఇంకెన్నేండ్లు బతుకుత?"

మా చెల్క ఆ యేడు పచ్చగానే వచ్చింది. నాయనమ్మ మళ్లీ కంకులు ఏరింది, బూడిద పోసింది, మునుపటికి రెట్టింపు వేపాకు వేసి గంప మెత్తింది. కానీ మరుసటి మిరుగానికి ఊరి ఆడవాళ్లు కింది వాడలో ఇంకొకరి ఇంటికి పోయారు. విత్తనంతో పరాచికాలు ఎవరాడతారు, వాళ్ల తప్పేమీ లేదు. ఆమె మాత్రం గంప విప్పి ముందు పెట్టుకుని, పొద్దెక్కేదాకా వాకిట్లో కూర్చుంది. నాలుగేళ్లు అలాగే కూర్చుంది. ఒక్కరూ రాలేదు. నేను ఆ నాలుగేళ్లలో ఏ రోజైనా నోరు విప్పగలిగేవాణ్ణే, విప్పలేదు. అప్పటికి నాకు పంతులు ఉద్యోగం వచ్చింది, ఊళ్లో గౌరవం మొదలైంది.

ఆమె పోయిన రోజు వాకిలి నిండా జనం. "చెయ్యి మంచిదే ఉండె, ఆఖర్ల గంపకు పురుగు వట్టిచ్చుకున్నది పాపం" అని ఎవరో అన్నారు. నేను పాడె పక్కనే ఉన్నాను. విని తల దించుకున్నాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు పిల్లలకు పౌరుని బాధ్యతలు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మధ్యలో ఆగి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. ఆ వాకిట్లో కొంగులు పట్టుకుని నిలబడినవాళ్లు ఇవాళ ఒక్కరూ లేరు. వాళ్లకు చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. ఎవరు విన్నా వినకపోయినా ఇప్పుడు చెబుతున్నాను. మా నాయనమ్మ ఏ యేడూ వేపాకు వేయడం మరవలేదు. ఆమె గంపకు ఏనాడూ పురుగు పట్టలేదు.