లేడని రాయించని తల్లులు

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. ఆ తర్వాత లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. చెరువు పూడిక తీసే పనుల్లో గుంతల పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎంత మట్టి తీశారో చెప్పడం నా పని. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు కొత్తకోట దగ్గర మా ఊరికి ఒక అర్థశాస్త్ర ఆచార్యుడు సర్వే చేయడానికి వచ్చాడు. ఇళ్లు చూపించడానికి, కాగితాల మీద కూడికలు సరిచూడటానికి నన్ను పెట్టుకున్నాడు.

జనాభా, వలస, పిల్లల చదువు ఆయన పరిశోధన. బడి వరండాలో కూర్చుని నాకు ఓపికగా చెప్పాడు: "భూమి, ఎద్దులే కాదు, పిల్ల చదివే ప్రతి ఏడూ పెట్టుబడే. వలసలో ఆ ఏడు పోతే మళ్లీ రాదు." ఆ మాట నాకు నచ్చింది. అందుకే ఆయన ఫారాన్ని అనుమానించలేదు.

ఇంటింటికీ వెళ్లి అడిగేది ఇద్దరు పట్నం అమ్మాయిలు. ఫారంలో మనిషికో వరుస. చివరి గడిలో ‘ఉన్నారు’, ‘లేరు’ అని రెండు మాటలు. వలస పోయినవాళ్లకు ‘లేరు’ దగ్గర టిక్కు పెట్టాలి.

మొదటి ఇంట్లో ఒక ముసలామె అరుగు మీద కందులు చెరుగుతూ ఉంది.

"అవ్వా, మీ పెద్ద కొడుకు ఉన్నాడా, లేడా?"

"లేడంటవేందమ్మా! పొద్దుగాల్నే గదేం మాట? ఉన్నడు. రాయి లెక్క ఉన్నడు."

"అది కాదవ్వా, ఇప్పుడు ఇంట్లో లేడు కదా?"

"మల్ల గదే మాట! నీ నోట్ల మన్ను వడ. నా కొడుకున్నడు, కోడలున్నది, పిల్లలున్నరు. రాసుకో."

"రాసుకో బిడ్డా, లేకుంటె చాట ఇసిరి కొడ్తది" అని పక్కింటామె నవ్వింది. ఆ అమ్మాయి హడలిపోయి అందరికీ ‘ఉన్నారు’ దగ్గరే టిక్కు పెట్టింది.

మా దగ్గర మనిషి లేడంటే చచ్చిపోయాడని. పూణెలో సిమెంటు కలుపుతున్న కొడుకును ఏ తల్లి లేడని రాయిస్తుంది? ఆ వాడలో వరుసగా పదకొండు ఇళ్లలో అదే జరిగింది. నేను పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా. సాయంత్రం కూడికలన్నీ చూసి, ఒక్కటీ తప్పలేదని కింద సంతకం పెట్టాను. గుంతలో నీళ్లు తోడకుండా పైనుంచే టేపు పట్టి లోతు రాసేవాళ్లను ఎన్నోసార్లు తిట్టినవాణ్ని, ఆ రోజు నేను చేసింది అదే పని.

మరుసటి ఏడు నివేదిక వచ్చింది. మా ఊళ్లో వలస బాగా తగ్గిపోయిందట. మా బడిలో వలస కుటుంబాల పిల్లల కోసం దసరా తర్వాత నుంచి ఎండాకాలం దాకా ఒక హాస్టల్ నడిచేది. తల్లిదండ్రులు పోయినా పిల్లలు అక్కడే తిని, పడుకొని, చదువుకునేవాళ్లు. ఆ నివేదిక చూపించి, ఈసారి హాస్టల్ అక్కర్లేదని పైఅధికారులు అన్నారు.

మా వెనకింటి పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతి. రెండేళ్లు ఆ హాస్టల్‌లో ఉండే చదివింది. భిన్నాలు నాకంటే వేగంగా చేసేది. వాళ్ల తల్లి చంకలో చిన్న కొడుకును పెట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"అన్నా, హాస్టల్ లేదంట. దీపావళి దాటంగనే మేం పోవాలె. పిల్లను యాడ ఇడిసిపోవాలె? ఆ సార్లెంబడి తిరిగింది నువ్వే గద?"

నాకు ఒళ్లు మండింది. ఆచార్యుడి మీద ఎంత కోపమో, నా సంతకం మీదా అంత. మళ్లీ ఆ పదకొండు ఇళ్లూ తిరిగి ఒకే మాట అడిగాను: "సర్వే పిల్లలు వచ్చిన దినాల్ల మీ ఇంట్ల ఎవరెవరు బువ్వ తింటుండ్రి?" ఏ తల్లీ కోపం తెచ్చుకోలేదు. "నేను, మా ముసలాయన. ఇంకెవరుంటరు? అందరు పూణెల ఉండ్రి" అని ముసలామె తేలిగ్గా చెప్పేసింది. ఆనాటి కూడికల నకలు నా దగ్గర ఉంది. ఫారాల ప్రకారం అరవై నలుగురు ఉన్నారు. బువ్వ తిన్నవాళ్లు పందొమ్మిది మంది.

ఆచార్యుడు మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీకి వస్తున్నాడని తెలిసి ఆ కాగితం పట్టుకుని వెళ్లాను. కళ్లద్దాలు తీసి రెండుసార్లు చదివాడు.

"నిజమే. ప్రశ్నే తప్పు. తర్వాతి విడత సర్వేలో మారుస్తాం."

"అదెప్పుడు సార్?"

"మూడేళ్లకు."

"ఎనిమిది చదివే పిల్ల మూడేళ్లు యాడ కూసోవాలె సార్? మీ ఫైల్లనా?"

"ఒక్క ఊరి లెక్కతో నివేదిక మార్చలేమండీ."

"మా హాస్టల్ మూయనీకె ఒక్క ఊరి లెక్క సరిపోయింది గద సార్!"

ఆయన సంచిలోంచి తెల్ల కాగితం తీశాడు. అక్కడే కూర్చుని హాస్టల్ నడిపేవాళ్లకు ఉత్తరం రాశాడు. తప్పు తనదేనని రాశాడు, అది ఒప్పుకోవాలి. ఆ ఉత్తరం ఆఫీసులన్నీ తిరిగి హాస్టల్ తెరిచేసరికి ఫిబ్రవరి వచ్చింది. ఆ పిల్ల ఎప్పుడో పూణె పోయింది. నేను వాళ్ల తల్లికి ఫోన్ చేశాను.

"పిల్లను పంపు చెల్లె. నేనే వచ్చి తోల్కపోత."

"ఎట్ల పంపుతనన్నా? చిన్నోడు నడక నేర్చిండు. మేం పైన స్లాబు మీద ఉంటే కింద వాన్ని ఎవరు పట్టుకోవాలె? మొన్ననే గుంతల పడబోయిండు."

"పిల్ల ఏమంటది?"

"ఏమంటలేదు. పుస్తకాలైతే తెచ్చుకున్నది."

ఆమె తప్పేముంది? నేను మాత్రం వదల్లేదు. హాజరు పట్టీలో పేరు కొట్టేయమంటారా అని బడి పెద్దసారు నన్ను అడిగాడు, ఆ పిల్ల తండ్రిని నేనే అయినట్టు. కొట్టేయొద్దని గట్టిగా చెప్పాను. పరీక్షలు మొదలయ్యే రోజు దాకా ప్రతి సోమవారం బడికి వెళ్లి ఆ పేరు ఉందో లేదో చూసుకున్నాను. పరీక్షలు అయిపోయాయి. ఆ పిల్ల రాలేదు.