నైట్ షిఫ్టు ఇంట్లో డ్రమ్ములు

మొన్న మాఘమాసంలో మా బావ కూతురి పెళ్ళయింది. మగపెళ్ళివారు రాయపూర్ వాళ్ళు, ధుమాల్ తెచ్చుకున్నారు. మా ఛత్తీస్‌గఢ్ పెళ్ళిళ్ళలో ధుమాల్ అంటే బండి నిండా డ్రమ్ములు పేర్చుకుని, కుర్రాళ్ళంతా చెవులు చిల్లులు పడేలా వాయించుకుంటూ రావడం. అందరూ గేటు దగ్గరకు పరిగెత్తారు. పెళ్ళికూతురి తండ్రి మాత్రం వంటల వైపు వెళ్ళి, పులిహోర గుండిగ దగ్గర పనేమీ లేకుండా నిలబడ్డాడు. డ్రమ్ములు మోగితే మా బావ అక్కడినుంచి తప్పుకుంటాడని చుట్టాలందరికీ తెలుసు. చెవిపోటేమో అనుకుంటారు. కాదని తెలిసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం.

తొంభైల్లో మా అన్నయ్యా, మా మేనత్త కొడుకైన ఈ బావా కలిసి భిలాయ్‌లో ఒక హార్డ్ రాక్ బ్యాండు పెట్టారు. అన్నయ్యది గిటారు, బావవి డ్రమ్ములు. పాడటానికి పక్క క్వార్టరు మలయాళీ అబ్బాయి, బేస్ గిటారుకు లారీ సామాన్ల షాపు పంజాబీ వాళ్ళబ్బాయి. పాడేది ఇంగ్లీషులో, తిట్టుకునేది హిందీలో. ఆకలేస్తే మాత్రం మా అమ్మ దగ్గర నలుగురికీ తెలుగు వచ్చేసేది. బ్యాండు పేరు స్లాగ్. ఇనుము కరిగించినప్పుడు పైన తేలే మడ్డి అది; పారబోసినప్పుడల్లా మా ఊరి ఆకాశం ఎర్రగా వెలిగేది. బావ వాళ్ళ నాన్న, అంటే మా మావయ్య, స్టీలు ప్లాంటులో వెల్డరు. ఆ పేరు విని పడీ పడీ నవ్వాడు. "ఇనుం తీసీసి పారబోసీదిరా అది! ఏరి ఏరి ఆ పేరెట్టుకున్నారేట్రా గుంటల్లారా?" అన్నాడు. వెక్కిరిస్తూనే, బజారులో పాత పైపులు కొనుక్కొచ్చి డ్రమ్ములకు స్టాండ్లూ, బావ కూర్చోడానికి ఒక స్టూలూ తనే వెల్డింగు చేసిచ్చాడు. ఆ స్టూలు కదపాలంటే ఇద్దరు పట్టాలి. ఏనుగెక్కి కూర్చున్నా దానికేమీ కాదు.

చిక్కల్లా ప్రాక్టీసుతోనే వచ్చేది. ప్లాంటు ఊళ్ళో పట్టపగలు కూడా ఎవరో ఒకరికి అర్ధరాత్రే. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకున్న ఇంట్లో కుక్కరు పెట్టకూడదు, గొళ్ళెం చప్పుడు చెయ్యకూడదు. గుమ్మంలో డ్యూటీ బూట్లు కనిపిస్తే పాలవాడు కూడా సైకిలు గంట కొట్టేవాడు కాదు. ఇదెవరూ మాకు కూర్చోబెట్టి నేర్పలేదు, నడక నేర్చినట్టే వచ్చింది. అంచేత బ్యాండు తండ్రుల షిఫ్టుల వెనకాల తిరిగేది. ఓ వారం సెక్టర్ ఏడులో మా ఇల్లు, ఓ వారం సెక్టర్ నాలుగులో బావ వాళ్ళిల్లు. ఫస్ట్ షిఫ్టు తెల్లారి నుంచి మధ్యాహ్నం దాకా, సెకండు అక్కణ్ణుంచి రాత్రి పది దాకా, ఆ తర్వాత నైటు; ఎవరికి ఏ వారం ఏ షిఫ్టో మా అమ్మకు కంఠతా వచ్చు. "మీ నాన్నకి నైటు. మావయ్యకి సెకండు. ఆల్లింటికెల్లి దంచుకోండి" అనేది, పప్పు కడుగుతూ తల కూడా ఎత్తకుండా. నలుగురూ సామానంతా సైకిళ్ళకు కట్టుకుని బయల్దేరేవారు.

చూస్తుండగానే పేరొచ్చింది. మొదట పూజా పందిళ్ళలో, తర్వాత దుర్గ్ కాలేజీలో, ఆ తర్వాత రాయపూర్‌లో వాయించారు. ఒక హిందీ పేపర్లో ఫొటో పడింది. అందులో నలుగురికీ జుట్టే తప్ప మొహాల్లేవు. ఇరుగుపొరుగు వాళ్ళు నీ కొడుకేడని అడిగితే అమ్మ ఏదో ఒక జుట్టు చూపించేది. మావయ్యకు మాత్రం ఒక్క ప్రోగ్రామూ చూసే రాత లేకపోయింది. సరిగ్గా ఆ సాయంత్రాలే సెకండ్ షిఫ్టు పడేది. ఆ ఏడు విశ్వకర్మ పూజకి మా సెక్టర్ గ్రౌండులోనే స్లాగ్ ప్రోగ్రామన్నారు. ప్లాంటు జనానికి అంతకు మించిన పండగ లేదు. ఈసారి చూసి తీరాలని మావయ్య తోటి వెల్డరుతో డ్యూటీ మార్చుకున్నాడు. ముందురోజు సెకండ్ షిఫ్టు చేసి రాత్రి ఇంటికొచ్చిన మనిషి, తెల్లారకుండానే లేచి ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరాడు. అత్త వద్దంది. "ఒక్క నిద్దరకేటయిపోద్దే? నా స్టూలు మీద ఆడెలాగ కూకుంటాడో సూడొద్దేటి?" అని నవ్వుతూ సైకిలెక్కాడట.

మధ్యాహ్నం గ్రౌండులో మైకులు సరిచూసుకుంటున్నారు. బావ ఆ స్టూలు మీద కూర్చుని పెద్ద డ్రమ్ము అదరగొడుతున్నాడు. మావయ్యతో డ్యూటీ మార్చుకున్న ఆయన సెకండ్ షిఫ్టుకు వెళ్తూ, ప్లాంటు గేటు దగ్గర కబురు తెలిసి వెనక్కి తిరిగి అక్కడికొచ్చాడు. సైకిలు కింద పడేసి, "నాన్నకి బాగోలేదు బాబూ, రా" అన్నాడు. అప్పటికే మావయ్య పోయాడు. పనిలో ఉండగా గుండె ఆగిపోయింది. గుండెజబ్బు ఎప్పటినుంచో ఉందని, ఎక్కడున్నా జరిగేదేనని డాక్టర్లు చెప్పారు. మేమంతా నమ్మాం. బావ నమ్మలేదు. తన డ్రమ్ముల కోసం నాన్న నిద్ర చెడగొట్టుకున్నాడని, ఆ ఒక్క మాటే పట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు ప్లాంటులో బావకు ఉద్యోగమిచ్చారు. జుట్టు కత్తిరించుకుని చేరాడు. అన్నయ్య వెళ్ళి బతిమాలాడు. "నువ్వు నేకపోతే బ్యాండేటి బావా? వచ్చీ" అన్నాడు. బావ, "నాన్న పడుకున్నాడు గదరా. నానెలాగ వాయిస్తాను?" అన్నాడు. అన్నయ్య ఇంటికొచ్చి, బాత్రూంలో కుళాయి విప్పి ఏడ్చాడు. మా క్వార్టర్లో గోడలు పల్చన, మాకంతా వినబడింది.

బావ స్థానంలోకి మొదట తబలా నేర్చుకున్న బెంగాలీ అబ్బాయి వచ్చాడు. కింద కూర్చుని వాయించే అలవాటు, స్టూలెక్కితే కాళ్ళేం చెయ్యాలో పాపం తోచేది కాదు. తర్వాతివాడు రైలు తప్పిపోతున్నట్టు వాయించేవాడు. మూడోవాడు బాగానే వాయించాడు గాని, ఉద్యోగమొచ్చి నాగపూర్ పోయాడు. పాడే అబ్బాయి కొచ్చిన్ వెళ్ళిపోయాడు. పంజాబీ అబ్బాయిని వాళ్ళ నాన్న షాపులో కూర్చోబెట్టాడు. వాళ్ళ చోట్లలోకి ఎవరెవరో వచ్చారు, పోయారు. చివరికి మొదటి నలుగురిలో అన్నయ్య ఒక్కడే మిగిలాడు. ఈ పేరెందుకు పెట్టారు భయ్యా అని కొత్తవాళ్ళు అడిగిన రోజున ఇంటికొచ్చి గిటారు అటక మీద పెట్టేశాడు. ఇప్పుడు దుర్గ్‌లో మైకులూ స్పీకర్లూ అద్దెకిస్తాడు. షాపులో ఓ మూల ఆ స్టూలుంది. దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వడు. నాకిప్పటికీ కోపమొస్తుంది, ఎవరిమీదో మాత్రం తెలియదు.

పెళ్ళిరోజున బావను వెతుక్కుంటూ వంటల వైపు వెళ్ళేసరికి, నాకంటే ముందే అన్నయ్య అక్కడున్నాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఒకరికి బట్టతల, ఒకరికి పొట్ట. ధుమాల్ గేటు దాకా వచ్చేసింది, గిన్నెల మీద మూతలు దడదడలాడుతున్నాయి. బావ తల వంచుకునే విన్నాడు. కాసేపటికి, ఎవరి వైపూ చూడకుండా, "ఆ ఎడంపక్క గుంటడు తొందరపడతన్నాడురా. ఆగి కొట్టాల" అన్నాడు.

"అవును బావా" అన్నాడు అన్నయ్య. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

బావ చెయ్యి గుండిగ అంచు మీద ఉంది. ఒక్క వేలు లేస్తోంది, పడుతోంది, పడుకున్న మనిషికి నిద్ర చెడనంత మెల్లగా. ప్లాంటులో షిఫ్టు రోజుకు మూడుసార్లు మారుతుంది. మా ఇంట్లో మావయ్య పడుకున్న ఆ ఒక్క షిఫ్టు మారడానికి మా బావ జీవితంలో సగం పట్టింది.