ఆ పేజీలో లేని కూతురు

నా చిన్నప్పుడు మేం సింగపూర్‌లో, బెడోక్‌లో ఉండేవాళ్ళం. మన వైపు నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు జనం వచ్చి పడుతున్న రోజులవి. మా నాన్న ఒక బ్యాంకుకు ప్రోగ్రాములు రాసేవారు. అమ్మా నాన్నా ఆఫీసుల నుంచి వచ్చేదాకా నేను పక్కింటి మామ్మ దగ్గరే ఉండేదాన్ని. వాళ్ళది తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం.

ఒక ఆదివారం మధ్యాహ్నం మామ్మ ఇంట్లో టీవీలో పాత హాలీవుడ్ సినిమా వస్తోంది. తెర మీద కథానాయిక పగలబడి నవ్వుతుంటే మామ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను భయపడి పక్కన కూర్చుంటే అప్పుడు చెప్పింది.

మామ్మకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక పెద్ద హోటల్లో గదులు ఊడ్చే పని. సినిమా తీయడానికి వచ్చిన ఆ నటి పది రోజులు అక్కడే దిగింది. ఆవిడ ఏం తినాలో, ఎవరితో మాట్లాడాలో అంతా సినిమా కంపెనీ మనిషే చెప్పేవాడు. ఒక ఉదయం ఆవిడ తలుపు వేసి, పర్సులోంచి ఒక చిన్నపిల్ల ఫొటో తీసి చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుంది. పెళ్ళి కాని తారకు కూతురుందని లోకానికి తెలియకూడదు కాబోలు. తర్వాత ఒక కవరు మామ్మ చేతిలో పెట్టి, పోస్టులో వెయ్యమని సైగ చేసింది.

"మెట్లు దిగుతుంటే ఆ కంపెనీ తౌకే, అదే దొర, ఎదురొచ్చి చెయ్యి చాపేడమ్మా. పని పోతాదని బయమేసి ఇచ్చీసేను. మర్నాడు ఆయమ్మ కళ్ళతోనే అడిగింది, వేసేవా అని. వేసేనని తలూపేను."

నాకు పదేళ్ళు. ఏదైనా సరిచెయ్యొచ్చనుకునే వయసు. "ఇంటర్నెట్‌లో అన్నీ ఉంటాయ్ లా, మామ్మా!" అని సింగపూర్ పిల్లల యాసలో అంటూ ఆవిణ్ణి మా ఫ్లాట్‌కు లాక్కెళ్ళాను.

సంగతంతా చెబితే నాన్న ఫోను వైరు తీసి కంప్యూటర్‌కు తగిలించారు. ఎవరో అభిమాని రాసిన పేజీ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది. నాన్న చదివి తెలుగులో చెప్పారు. పేద రైతు బిడ్డ. పదిహేడేళ్ళకే స్టూడియో వాళ్ళు పేరు మార్చి, జుట్టు రంగు మార్చి తెర మీదికి ఎక్కించారు. పన్నెండేళ్ళు వెలిగింది. వయసు కనబడగానే ఒప్పందం రద్దు చేశారు. తర్వాత చేసుకున్న రెండు పెళ్ళిళ్ళూ నిలవలేదు. చివరికి అద్దె గదిలో ఒంటరిగా పోయింది. ఆఖరి వరుస దగ్గర నాన్న గొంతు తగ్గింది. పిల్లలు లేరని ఉంది.

"ఉందని రాయి బాబూ," అంది మామ్మ.

ఆ పేజీ మనం మార్చలేమనీ, రాసినాయనకు ఈమెయిల్ పంపొచ్చనీ చెప్పి నాన్న ఆ పాప పేరడిగారు.

"కవరు మీద ఉంది బాబూ. నాకప్పటికి సదవడం రాదు."

ఏ ప్రశ్నకైనా నాన్న దగ్గర జవాబుంటుందని నమ్మినదాన్ని, ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయాను. మామ్మ దుమ్ము పట్టిందన్నట్టు తెర మీది ముఖాన్ని చీర కొంగుతో తుడిచి, అన్నం వండాలంటూ లేచి వెళ్ళిపోయింది. పేరు లేకుండానే నాన్న రెండు వాక్యాలు పంపారు. జవాబు రాలేదు.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. నా జుట్టూ నెరుస్తోంది. ఇప్పటికీ ఎవరి జీవితకథ చదివినా 'లేరు' అన్న మాట దగ్గర ఆగిపోతాను. అక్కడ ఎవరో ఉన్నారేమో, వాళ్ళ పేరు తెలిసినవాళ్ళే ఎవరూ మిగల్లేదేమో అనిపిస్తుంది.