మామగారి ఆటల పంక్తి

నిన్న సాయంత్రం ఆదోనిలో ఉరిమింది. మేడమీద వాటాలో ఉండే ఆవిడ మెట్ల దగ్గరికి వచ్చి, కిందికి వంగి, "అక్కా, ఇది నిజం ఉరుమేనా, మీ ఇంట్లోదా?" అని అడిగింది. ఆమె అనుమానాన్ని నేను తప్పుపట్టను. రెండేళ్ళ కిందట ఒక మంచి ఎండపూట మా ఇంట్లోంచి ఉరుములూ, వాటి వెనకాలే జోరువానా వినపడితే, మిద్దె మీద ఎండబోసుకున్న శనక్కాయలను చాటతోనూ కొంగుతోనూ ఎత్తుకుంటూ నాలుగిళ్ళ వాళ్ళను కేకేసిన మనిషి ఆమె. కాయలన్నీ లోపలికి చేరాక చూస్తే ఆకాశంలో వెతికినా మబ్బు లేదు. వాన మొహం చూడటమే అరుదైన మా వైపు అలాంటి వేళాకోళాన్ని ఎవరూ క్షమించరు. ఆ వాన కురిపించింది మా మామగారు. ఎనభై దాటిన మనిషి, మనుమరాలి లాప్‌టాప్ ముందు కూర్చుని, స్పీకరు గొంతు పూర్తిగా పెంచి మరీ కురిపించారు.

ఇదంతా మా అమ్మాయి తెచ్చిన మూటతో మొదలైంది. కంప్యూటరు చదువు అయిపోయాక, ఉద్యోగం కాదు, నేనే చిన్న చిన్న ఆటలు తయారుచేస్తానని అది భీష్మించుకుంది. మా ఆయన ఒక ఏడాది గడువిచ్చారు. ఆ గడువు దీపావళితో సరి. అప్పటికీ ఏమీ తేలకపోతే కర్నూలు పోయి బ్యాంకు పరీక్షలకు తయారవ్వాలి, అందుకు అక్కడ ఒక శిక్షణాలయంలో మాట్లాడి కూడా పెట్టారు. నెలల తరబడి కష్టపడి అమ్మాయి చేసింది ఒకే ఒక్క ఆట. పత్తి బస్తాలు ఎత్తిన ఎద్దులబండిని మార్కెట్టు నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుదాకా, సందుల్లో మేకలనూ ఆటోలనూ తప్పించుకుంటూ తోలాలి. అంతే. ఎక్కడో వరదల్లో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ సాయానికి, దేశదేశాల్లో ఇలాంటి ఆటలు చేసుకునేవాళ్ళు వందలమంది తలా ఒకటి ఉచితంగా ఇచ్చి, అన్నీ కలిపి చారిటీ బండిల్ అని అమ్మకానికి పెడితే, మా అమ్మాయి కూడా తన బండిని అందులో చేర్చింది. ఆటలే కాదు, ఆటలు చేసేవాళ్ళకు పనికొచ్చే బొమ్మలు, అక్షరాలు, పాటలు, చప్పుళ్ళు కూడా ఉన్నాయి. కొన్నవాళ్ళ డబ్బంతా వరదబాధితులకు. పుణ్యం బాగానే ఉంది కానీ, అంత పెద్ద గుంపులో దీని బండిని తెరిచి చూసిన నాథుడు లేడు. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఎవరైనా ఒక్క మాట రాశారేమోనని చూసుకోవడం, ఉసూరుమని మూసెయ్యడం. ఆట ఆడి నేనే మెచ్చుకుందామంటే, మొదటి మేకకే బండి బోల్తా కొట్టించి ఇంకెప్పుడూ ముట్టుకోనన్నాను.

చివరికి అది తాత దగ్గరికి పోయింది. మామగారు మంత్రాలయం వైపు ఒక మఠంలో ఏళ్ళ తరబడి వడ్డన చేసినవారు. మోకాళ్ళు మొరాయించాక మా దగ్గరికి వచ్చి, వడ్డించడానికి ఎవరూ లేక, నేను వడ్డించేదాంట్లో తప్పులు పడుతూ కాలక్షేపం చేస్తున్నారు. అన్నం ఆకులో ఏ పక్కన, పప్పు ఏ పక్కన అన్న విషయంలో ఆయన రాజీపడగా నేను చూడలేదు. లాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టి, ఇది దానం కోసం అందరూ ఇచ్చిన ఆటల మూట అని అమ్మాయి వివరించింది. ఆయనకు బాగా నచ్చింది. ఒక్కొక్కరు ఒక్కొక్క వంటకం తెచ్చిన సంతర్పణలాంటిదన్నారు. సంగతి అక్కడిదాకా బాగుంది. "తాతా, ఇందులో నాదీ ఒకటుంది. ముందు అది సూడు" అని అమ్మాయి అనడంతో చెడింది.

"పంక్తిలో కూర్చున్నోళ్ళని దాటుకొని పోయి మనోళ్ళ ఆకులో పెడతారామ్మా యాడైనా?" అన్నారు మామగారు. "పైనుంచి వరసగా వస్తాం. నీది యాడుందో ఆడికి వచ్చినప్పుడు వస్తాం."

అది ఎక్కడుందంటే, సగం పంక్తి దాటాక. అమ్మాయి బతిమాలింది, అలిగింది, ఒకపూట అన్నం మానేసింది. మామగారు ససేమిరా అన్నారు. ఆయన పట్టుదల వెనక ఒక పాత భాగోతం ఉంది. వయసులో ఉండగా కోడుమూరులో ఒక పెళ్ళిలో ఆయన ఓళిగలు, అంటే బొబ్బట్లు, వడ్డిస్తున్నారట. ఎమ్మిగనూరికి కొత్తగా కాపురానికి పోయిన చెల్లెలు పంక్తి చివర కూర్చుంది. పూర్ణం ఓళిగ ఆమెకు ప్రాణం. చివరిదాకా పోయేసరికి అయిపోతాయేమోనని ఈయన మధ్యవాళ్ళను దాటేసి, గబగబా వెళ్ళి ఆమె ఆకులో రెండు పెట్టారు. ఆ దాటేసినవాళ్ళు పెళ్ళికొడుకు మేనమామలు. ఆకులు మడిచి లేచిపోయారు. వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టేసరికి పొద్దు వాలింది. ఆ చెల్లెలే మా ఎమ్మిగనూరు అత్త. వారానికొకసారి బస్సెక్కి అన్నను చూడటానికి వస్తుంది. మనుమరాలి తరఫున మాట్లాడటానికి వచ్చినరోజు కూడా ఈ కథ ఎత్తి, "అంత గలాటా జరిగిందా, తీరా సూస్తే నాకు ఒక్క ఓళిగ దక్కలేదు. ఎవురో ఆకులు తీసేసినారు" అని వాపోయింది. అన్నగారు "గమ్మునుండు" అని, మొదటి ఆట తెరిపించారు.

ఇక చూడాలి. ఒక్కొక్క ఆటకు ఒక్క ఆకువక్క నమిలేంత సేపు, అదీ కొలత. ఎక్కువా లేదు, తక్కువా లేదు. కత్తి పట్టుకుని రాక్షసులను నరికే ఆటల్లో ఆయన మొదటి అడుగులోనే చచ్చిపోయేవారు. ఎదురుగా ఏది వచ్చినా పక్కకు జరిగి, "పో నాయనా, ముందు నువ్వు పో" అని దారి ఇచ్చేవారు మరి. వచ్చింది దారి తీసుకోకుండా ఆయన్నే తినేసేది. "మర్యాద తెలీనోళ్ళు" అని ఆకు నములుతూ మళ్ళీ పుట్టేవారు, మళ్ళీ దారి ఇచ్చేవారు. చేపలు పట్టే ఆట వచ్చినరోజు నాకు భయమేసింది, మా ఇంట్లో ఉల్లిపాయకే సవాలక్ష ఆంక్షలు. ఆయన గాలం వెయ్యలేదు, ఆట మూయనూ లేదు. చెరువుగట్టున ఆ బొమ్మమనిషిని ఊరికే కూర్చోబెట్టి, ఆకువక్క అయ్యేదాకా నీళ్ళు చూసి, గాలి బాగుందని లేచారు. బొమ్మల మూటలు కూడా దాటలేదు. కత్తుల బొమ్మలు వందలకొద్దీ ఉన్న మూటను చివరంటా చూసి, ఇన్ని కత్తుల్లో ఒక్క గరిటె లేకపోవడమేమిటని నన్నడిగారు. తలుపు చప్పుళ్ళ మూట తెరిచిన పూట నేను ఎన్నిసార్లు పోయి వీధి తలుపు తీశానో నాకే తెలీదు. వానల మూట సంగతి చెప్పాను కదా.

ఈ మధ్యలో అమ్మాయి ఒక దొంగ ఎత్తు వేసింది. వరస మార్చే మీట నొక్కి తన బండిని పైకి తెచ్చింది. మామగారు కళ్ళజోడు సర్దుకుని, "నిన్న ఈడ పిల్లి ఆట ఉండె. కూర్చున్నోళ్ళని లేపుతారా?" అని గుర్తుపట్టి, మళ్ళీ ఎవరి చోట వాళ్ళను కూర్చోబెట్టించారు. దానికి తోడు ఇంకో పని అంటగట్టారు. తిని లేచినవాడు వండినవాడికి ఒక మాట చెప్పి పోవాలి కాబట్టి, ఆయన చెప్పింది చెప్పినట్టు ప్రతి ఆట కింద ఇంగ్లీషులో రాయాలి. తనకు ఎవరూ రాయని మాట అమ్మాయి ఊరందరికీ రాస్తూ కూర్చుంది, పళ్ళు కొరుక్కుంటూ. మా ఆటలో ఉప్పు తక్కువ అంటే ఏమిటి, దయచేసి వివరించండి అని ఎక్కడో చలిదేశం నుంచి ఒకాయన తిరుగు జాబు రాశాడు. వివరించడానికి తాతామనుమరాళ్ళకు ఒక మధ్యాహ్నం పట్టింది.

ఆ రాయడంలోనే ఏదో జరిగింది. ఒకరోజు మామగారు ఎవరిదో ఆట చూసి, "అచ్చరాలు ఆవగింజల మాదిరి ఉండాయి. ముసిలోళ్ళు ఆడకూడదనా?" అన్నారు. అమ్మాయి రాస్తున్నది ఆపి, కాసేపు గోళ్ళు కొరుక్కుంది. మర్నాడు చూద్దును కదా, దాని బండి ఆటలో అక్షరాలు పెద్దవయ్యాయి. ఇంకొకరి ఆటలో ఏం నొక్కాలో చెప్పలేదని, ఆకు వేసి వడ్డించడం మరిచిపోయారని ఆయన విసుక్కున్నారు. బండి పక్కన బాణం గుర్తు వచ్చింది. "ఓడిపోయినోణ్ణి మొదటికంటా తోలతాండారు. సగం దావలో వదిలితే ఏం పోయె?" అన్నారు. బండి బోల్తాపడితే సగం దారి నుంచే బయలుదేరసాగింది. ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. అమ్మాయి తాతను తొందరపెట్టడం మానేసింది. పైగా, ఇంకా కొన్ని రోజులు తన దగ్గరికి రాకుంటే బాగుండునన్నట్టు, కొన్ని ఆటలకు తనే ఆకువక్క చుట్టి ఇస్తూ ఉండేది, కాస్త పెద్దవిగా.

వంతు రానే వచ్చింది. దీపావళి వారం ఉందనగా. ఎమ్మిగనూరు అత్త పొద్దున బస్సుకే దిగింది. మా ఆయన కళ్ళజోడు మొహాన పెట్టుకునే దానికోసం వెతుకుతూ అక్కడక్కడే తిరుగుతున్నారు. మామగారు అన్నిరోజుల్లాగే ఆకు నోట్లో వేసుకుని బండి కదిలించారు. సందు తిరిగింది, మేకల మంద ఎదురైంది. ఆయన అలవాటు చొప్పున ఆగి, "పోండమ్మా, ముందు మీరు పోండి" అన్నారు. మొదట్లో ఆ ఆటలో ఆగితే ఓడినట్టే. మేకలు ఒకదాని వెనక ఒకటి దాటాయి. చివరి పిల్లమేక ఒకసారి తిరిగి చూసింది. బండి ముందుకు పోయింది. అంత పెద్ద పంక్తిలో ఆయన దారి ఇచ్చినా ఆయన్ను చంపని ఆట అదొక్కటే. అమ్మాయి ఆ మేకల కోసం ఎన్నాళ్ళు కూర్చుందో నాకు తెలుసు. మామగారికి తెలీదు. మిల్లు గేటు కనపడేసరికి ఆకువక్క అయిపోయింది. ఆయన చెయ్యి తీసేశారు.

"బాగుంది. తర్వాతది తెరువు."

"అంతేనా అన్నా?" అని అత్త గట్టిగా అరిచింది. "సొంత మనమరాలిది. ఇంకో ఆకు ఏసుకుంటే ఏం పోతాది?"

"అందరికీ అంతే" అన్నారాయన. కానీ తర్వాతది తెరుచుకునేలోపల గొంతు తగ్గించి, "పంక్తి అయిపోనీ. మారు వడ్డన అడిగేది ఆ బండే" అన్నారు.

అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. చాలా రోజులకు పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. దాని బండి కింద ఆ రోజు ఒక మాట ఉంది, ఉప్పు సంగతి అడిగిన చలిదేశం ఆయన రాసింది. మీ తాతగారి ఇంట్లో తయారైన ఆట ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను, మేకలను దాటనివ్వడం బాగుంది అని. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివించుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. దీపావళి వచ్చింది, పోయింది. కర్నూలు మాట ఎవరూ ఎత్తలేదు. మరుసటి వేసవికి పంక్తి పూర్తయింది, ఇప్పుడు ఆయన మారు వడ్డనలో ఉన్నారు. అమ్మాయి రెండో ఆట చేస్తోంది, తాత చేతికి తొందరగా అందకుండా జాగ్రత్తపడుతూ.

ఆ మొదటి సాయంత్రమే ఆయన మెత్తబడి బండి ఆట తెరిచి ఉంటే, మొదటి మేక దగ్గరే ఓడిపోయి, మనుమరాలి మొహం చూసి బాగుందమ్మా అనేవారు. ఆ మాట పట్టుకుని ఆటలో ఏమీ మార్చక, గడువు తీరాక అది కర్నూలు బస్సెక్కేది. నా సంసారంలో వేళకు జరిగిన పనులు చాలానే ఉన్నాయి కానీ, వాటిలో ఒక్కటీ ఆ ఆలస్యమంత మేలు చెయ్యలేదు.