పసుపు పెట్టిన జెర్సీ

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల ఇంజనీరు విద్యాసాగర్ కొత్త జెర్సీ అంచుకి పసుపు పెట్టందే వేసుకోడు. అక్కడి పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌కి పోటీగా కొత్త లీగ్ పుట్టిన ప్రతిసారీ టికెట్లు మొదటి రోజే కొంటాడు. పెద్ద లీగ్ ఊసెత్తితే ఆఫీసులో అందరూ తాతల నాటి అభిమానులే, “నువ్వెప్పట్నుంచి?” అని నవ్వుతారు. కొత్త లీగ్‌కి ఎవరి తాతలూ లేరు. అక్కడ అతనే పాతకాపు.

ఈ శనివారం జెర్సీని పొట్ట మీదికి లాక్కుంటూ బూట్లు తొడుక్కుంటుంటే, కూతురు అనిక ఫోన్ చూసి, “నాన్నా, లీగ్ క్లోజ్ చేసేశారు. గేమ్ లేదు” అంది.

“మళ్ళీనా? సీజన్ మధ్యలోనా!” బూటు విసిరికొట్టాడు.

“విప్పివ్వండి, కారు తుడవడానికి ఉంటుంది. పోయిన లీగ్‌ది చిరిగిపోయింది,” అంది భార్య శ్రీవల్లి.

అతను విప్పలేదు. పసుపు మరకని బొటనవేలితో రుద్దుతూ, “సోమవారం ఆఫీసులో మళ్ళీ నేనే కొత్తవాణ్ణి,” అన్నాడు.